పెరడు చుట్టి వచ్చిన పాట

రండి, దగ్గరకు జరగండి. ఆకు నమిలేవాళ్లు నమలండి గానీ మాటలు మాత్రం ఆపండి. మధ్యలో ఒక్క ముక్క జారిపోయిందంటే కిరండూల్ కొండ మళ్లీ మొదటినుంచి ఎక్కాల్సి వస్తుంది.

కిరండూల్ కొండ కింద ఇనుప గని క్వార్టర్లలో చక్రధరరావు ప్రాణమంతా పాటల సెట్టు మీదే. టేప్ డెక్కు, దాని పక్కనే యాంప్లిఫయర్, బీరువాలంత స్పీకర్లు. ఏ పాట పెట్టినా వెనకాల తుమ్మెద దూరినట్టు గుయ్ మని ఒకటే రొద. ఆదివారం పొద్దున్నే అతని భార్య గంగారత్నం తేల్చి చెప్పేసింది.

"అన్నం వేళకి ఆ గుయ్ పోవాలి. పోలేదో, మీ సెట్టు హాల్లోంచి బయటికి, నా కుట్టుమిషను లోపలికి," అని కుక్కర్ కడగడానికి తీసింది.

అతను మైక్‌సెట్ ముసలయ్య దగ్గరికి పరుగెత్తాడు.

"సభల్లో మైకుకి కట్టే వైరు సార్ ఇది. లోపల రాగి అల్లిక ఉంటది, రొదను రానియ్యదు," అన్నాడు ముసలయ్య. "రేపు పందిట్లోకి నాకే కావాలె. కొయ్యొద్దు, మడత పెట్టొద్దు."

వైరేమో వీధంత పొడుగు. చక్రధరరావు దాన్ని డెక్కుకి తగిలించి, కిటికీలోంచి బయటికి తీసి, జామచెట్టు చుట్టూ తిప్పి, వంటింటి కిటికీలోంచి తెచ్చి యాంప్లిఫయర్‌కి కలిపాడు. జానెడు దూరానికి పాట పెరడంతా తిరిగి రావాలన్నమాట. ఎవరూ తట్టుకుని పడకుండా వైరుకి ఎర్రగుడ్డ కూడా కట్టాడు.

పక్కింటి వరహాలమ్మ ఆ వైరునీ ఎర్రగుడ్డనీ చూసింది. ఆమె మొగుడు రాఘవులు కొండ మీద బ్లాస్టింగ్ పనివాడు.

"ఏవండీ, మన గోడ పక్కన ఎర్రగుడ్డ కట్టి పేలుడు లైను పరిచారేంటి?"

రాఘవులు సగం గడ్డం గీసుకుని తొంగిచూశాడు. "ఆదివారం బ్లాస్టింగ్ లేదే. పేల్చే ముందు వేసే కూత వినపడితే మాత్రం నమ్మాల్సిందే."

సరిగ్గా అప్పుడే గంగారత్నం పొయ్యి మీద కుక్కర్ కూసింది.

"హటో, హటో, తప్పుకోండి," అంటూ నురగ మొహంతో రాఘవులు పరుగు. వెనకాల వీధంతా పరుగు. గంగారత్నం పొయ్యి ఆర్పి గరిటెతో సహా పరుగు. గని ఊళ్లో కారణం ఆగి అడిగేవాళ్లుండరు. అందరూ నీళ్లట్యాంకు వెనక తల మీద చేతులు పెట్టుకుని బోర్లా పడుకున్నారు.

పెట్టెల వెనక తలదూర్చిన చక్రధరరావుకి ఇదేమీ తెలియదు. స్విచ్చి వేశాడు. గుయ్ లేదు.

"రత్నం, విన్నావా?"

వంటింట్లోకి వినపడలేదేమోనని సౌండు చివరిదాకా తిప్పాడు. డోలు ధన్ మంది.

"పోయింది, మా గోడ పోయింది," అంది ట్యాంకు వెనక వరహాలమ్మ.

గోడ కూలే చప్పుడుకి బదులు సన్నాయి అందుకుంది. చక్రధరరావు వెతుక్కుంటూ వచ్చేసరికి వీధంతా నేల మీద ఉంది.

"గుయ్ పోయింది రత్నం. నువ్వే చెప్పు, పోయిందా లేదా?"

గంగారత్నం లేచి చీర దులుపుకుంది. "పోయింది. ఇక్కడికి భేషుగ్గా వినిపిస్తోంది. ఇక హాల్లో సెట్టెందుకు? వైరు ఎలాగూ పొడుగే, ఈ ట్యాంకు దగ్గరే పెట్టుకోండి."

గడ్డి కోయడానికొచ్చి అందరితో పాటు బోర్లా పడుకున్న పొజ్జా అందరికంటే ఆఖర్న లేచాడు.

"కొండ మీద బారూదు పేలిస్తే ఉత్త రాళ్లే వస్తయి. నీ బారూదు మంచిది సాబ్, పాట వచ్చింది. ఇంకొంచెం దట్టించు, పాడేటాయన కూడా బయట పడతడు."