పిడిముక్కోద్ధరణము

ఫ్యాను తిరుగుచున్నను గాలి రానిదియు, కిటికీలు తెరచినను వెలుతురు చాలనిదియు, ఫైళ్ల మీద ఫైళ్లు పేరుకొని పర్వతశ్రేణులై నిలిచినదియు నగు నగర రక్షకభట ప్రధాన కార్యాలయపు సమావేశ మందిరమున, మొదటి విడత టీ జీర్ణమై రెండవ విడత టీ కప్పులలో పొగలు గ్రక్కుచున్న శుభవేళ జరిగిన ఘోరసంగ్రామమును వర్ణింపబూనితిని. వాగ్దేవత నా కలముపై కాసేపు కూర్చుండుగాక. ఆమెకును ఇంట పనులుండును గనుక ఎక్కువసేపు ఆపను.

యుద్ధకారణము వినుడు. శాఖవారి పాత పిస్తోళ్లు ముదిమి మీరి, మీట నొక్కినప్పుడెల్ల పేలుటయా మానుటయా యని ఆలోచించు దశకు చేరెను. కొత్తవి కొనవలె. ఏ పిస్తోలు ఎంపికయగునో దానితోనే గస్తీ తిరుగువారెల్ల గురిపరీక్ష నెగ్గవలె. నెగ్గనివారికి గస్తీ లేదు. ఫోన్ల గదిలో కుర్చీ కలదు. ఆ కుర్చీకి ఒక చేయి విరిగియున్నది.

ఆ కుర్చీని తలచినంతనే ఒడలు జలదరించు వీరవనిత యొకతె కలదు. సందుగొందుసంచారధురంధర, పలాయితచోరపృష్ఠానుధావనచతుర యగు ఆమెను లోకము గస్తీ మేడమని పిలుచును. విధాత ఆమెకు గుండె నిచ్చునపుడు పెద్ద గిన్నెతో కొలిచి, చేతుల కడకు వచ్చుసరికి చెంచాతో సరిపెట్టెను. ఎంత ఇరుకుమూతి సీసాలోనైనను దూర్చి అడుగు తోమగల హస్తమది. పాత పిస్తోలు పిడి ఆ అరచేత నిండి పొర్లెడిది. చూపుడువేలు మీటను అందుకొనుటకు గోరు అంచుతో దేవులాడెడిది. పిడిని పక్కకు తిప్పి పట్టి, బొటనవ్రేలు బొబ్బలెక్కించుకొని, పరీక్ష నామె అంచుమీద దాటెడిది.

ఆ ఉదయమున బూట్లు కట్టుకొనుచుండగా అత్తగారు గడప దాపున నిలిచి పలికెను.

“పోనీ ఫోన్ల గదికి మారితే ఏం పోయిందే అమ్మాయ్? వేళకి ఇంటికొస్తావు.”

“వేళకి ఇంటికొస్తే మీ అబ్బాయి వంట మానేస్తాడు అత్తయ్యా.”

అత్తగారు వంటింటి వంక చూచెను. అందు ఆమె పుత్రరత్నము ఉల్లిపాయలు కోయుచు కన్నీరుమున్నీరగుచుండెను.

“అమ్మో! పుట్టినప్పట్నించీ నేను నేర్పలేనిది నీ డ్యూటీ నేర్పింది. ఆ కుర్చీ మాట నా దగ్గరెత్తకు. గెలిచే రా.”

ఇట్లు ఒక కుటుంబపు భోజనవ్యవస్థను భుజస్కంధముల మోయుచు మేడము సభ చేరెను.

సభాధ్యక్షుడు పెద్దసారు. మూత యెంత బిగిసిన సీసానైనను ఒక్క తిప్పున తెరవగల మహాహస్తుడు. కరచాలనము చేసినవారు పిదప తమ వ్రేళ్లు లెక్కపెట్టుకొందురు. ఆయనకు కుడివైపున ఆంతరంగికుడగు డిప్యూటీ. పెద్దసారు ఏమన్నను “అంతే సార్” అనుటచే ఆయన అసలు పేరు జనులు మరచి, అంతేసార్ అనియే పిలుచుచుండిరి. ఎడమవైపున ఆయుధశాల స్టోరాయన.

ఆ శాఖలో అనాదిగా ఒక ఆచారము కలదు. పరీక్షలన్నియు ముగిసిన పిదప పిస్తోలు బల్లచుట్టు తిరుగును. మొదట పెద్దసారు చేతికెక్కును. ఆయన చేయి ఏమనునో తక్కిన చేతులన్నియు అదే యనును. ఇన్నేండ్లుగా ఆ శాఖలో ఎన్ని చేతులున్నను పిస్తోలు కొన్నది ఒక్క చేయియే.

పోటీకి మూడు పిస్తోళ్లు దిగినవి. వెండిమెరుపుల సుందరి యొకటి ధూళిపరీక్షలో గుప్పెడు దుమ్మునకే గొంతు పట్టుకొని మూగవోయెను. నీట ముంచినను, నేలకు విసరినను చలింపని రెండు మిగిలెను. ఒకటి ఉక్కుది, స్థూలకాయ, గంభీర. రెండవది నల్లది, ప్లాస్టిక్కు పిడిది, చూపులకు దిగదుడుపు.

పెద్దసారు ఉక్కుదానిని అందుకొని, గోడ మీది క్యాలెండరుకు గురిపెట్టి, ఖాళీ మీట టక్కున నొక్కెను. ఆ క్షణమున ఆయన వదనమున ఉదయించిన తేజస్సును మాటలలో పెట్టిన “ఆహా! అరివీరభయంకరమగు ఈ ఆయుధము చేపట్టిన నన్ను త్రిలోకములందు నిలువరించువాడెవ్వడు!” అని యుండెను. ఆయన నోట వెలువడినది మాత్రము ఇంతే:

“బానే ఉందిది.”

“అంతే సార్.”

పిస్తోలు మేడము చేతికి వచ్చెను. వ్రేలు సాచెను; మీట యందలేదు. నల్లదానిని తీసికొనెను. దాని మీట ఇంచుమించు అందెను గాని, ఇంచుమించునకు గురి కుదరదు. నిట్టూర్చి దానిని పెట్టెలో ఉంచబోవుచు ఆమె ఆగెను. పెట్టెలోని స్పాంజిలో రెండు గుంటలు. ఒక దానిలో నల్లని ప్లాస్టిక్కు ముక్క. రెండవది ఖాళీ.

“ఇదేంటండీ?”

“పిడి వెనకాల తొడిగే ముక్క మేడం,” అనెను స్టోరాయన. “లావుది, మధ్యరకం, సన్నది అని మూడొస్తాయి. చేతిని బట్టి మార్చుకోవడమే. ఇప్పుడు మధ్యరకం తొడిగుంది.”

“లావుది ఇక్కడుంది. మరి సన్నది?”

“నిన్న సాయంత్రం ఉంది మేడం. నా కళ్లతో చూశాను.”

అంతేసార్ ఉన్నపళమున ఫ్యాను రెక్కలను అధ్యయనము చేయ మొదలిడెను.

పెద్దసారు కనుబొమ్మ లేచెను. “ముక్కలు మార్చుకునే పిస్తోలేంటమ్మా? మిక్సీ జారా ఇది?”

“సార్, ఆ సన్నముక్క తొడిగితే నా వేలు అందుతుంది. ఒక్కసారి చూడనివ్వండి.”

“కనపడని ముక్కని చూసి ఎలా కొంటాం? ఇంకా కొననైనా లేదు, అప్పుడే పోయింది. రేపు దొంగని పట్టుకునేటప్పుడు పోతే? ఉక్కుదే ఖాయం!” అని గర్జించి మహాహస్తమును పిడికిలి బిగించి బల్లమీద గుద్దెను.

శబ్దమునకు క్యాలెండరు ఊగెను. ఫైళ్లు కంపించెను. పెద్దసారు సంతకమునకు కలము మూత తీసెను. ఫోన్ల గదిలోని చేయి విరిగిన కుర్చీ మేడము కన్నుల యెదుట కిర్రుమని తిరిగెను. ఆ నిరాశాంధకారమున ఆమె దృష్టి యొక వస్తువుపై నిలిచెను: పెద్దసారు ముందున్న, అంచుదాక నిండిన టీకప్పు.

“సార్, ఒక్క మాట. మీరు బల్ల గుద్దారు.”

“గుద్దితే?”

“టీ ఒలకలేదు.”

సభ స్తంభించెను. ఏలయన ఆ బల్ల పుట్టుకతోనే కుంటిది. దానిపై మోచేయి మోపినంతనే టీ ఒలికెడిది. ఆ శాఖలో పెండింగు ఫైలు ఏదియో తెలిసికొనుటకు తేదీ చూడనక్కరలేదు, టీ మరకలు చూచిన చాలు.

“ఔనే!” అనెను పెద్దసారు. “ఇవాళ ఊగట్లేదేంటిది?”

అందరి చూపులును, అందరికంటె ముందు అంతేసార్ చూపును, బల్ల కుడికాలి వంకకు పోయెను.

మేడము మారుమాటాడక టోపీ తీసి కుర్చీపై నుంచి, మోకాళ్లపై కూలి బల్లక్రింది పాతాళమున ప్రవేశించెను. అచట దుమ్ము మేఘములు, తెగిన రబ్బరుబ్యాండులు, వెనుకటి ప్రభుత్వపు గుండుసూది యొకటి. ఆ గహనాంతరాళమున, కుడికాలి అడుగున, ఇంతటి బల్ల భారమును ఒంటరిగా మోయుచు, చూపుడువ్రేలంత నల్లని ముక్క! ఆమె హృదయము దానితో నిట్లు సంభాషించెను: “ఓ కనిష్ఠికా! ఓ సన్నముక్కా! ప్రభువుల టీ కొరకు ప్రాణము నలిపికొనుచున్న త్యాగమూర్తీ! లెమ్ము! నిన్నుద్ధరించుటకు వచ్చితిని!”

పైకి మాత్రము “సార్, కాస్త బల్ల ఎత్తండి!” అనెను.

పెద్దసారు ఒకవైపు, స్టోరాయన ఒకవైపు, సిగ్గుతో కుంచించుకొనిన అంతేసార్ వేరొకవైపు పట్టి హుమ్మనిరి. బల్ల లేచెను, కాలు లేచెను, ముక్క ఆమె గుప్పిట చేరెను. ఏ హస్తమును లోకము చిన్నదని యెంచెనో ఆ హస్తమే ఆ సందున దూరినది!

“పొద్దున్నే... మీ ఫైళ్ల మీద టీ పడుతుందని...” అని అంతేసార్ నసిగెను. “అది ప్యాకింగు ముక్కనుకున్నాను సార్.”

“నువ్వు పోలీసువేనా?” అనెను పెద్దసారు.

ఈ ప్రశ్నకు మాత్రము “అంతే సార్” అని బదులు రాలేదు.

స్టోరాయన పిడిలోని చిన్న మేకు వెనుకకు నెట్టి, మధ్యరకము తీసి, దుమ్ము తుడిచి సన్నముక్క తొడిగెను. అందరును ఆవరణ వెనుకనున్న గురిమైదానమునకు కదలిరి. మేడము పిడి పట్టెను. అరచేయి దానిని చుట్టెను. చూపుడువ్రేలు, మొదటిసారి, ప్రాకులాడక మీటపై తిన్నగా వాలెను. గుళ్లన్నియు అట్టబొమ్మ నడుమ వలయమున, మూతి సరిపడు సీసాలో పోపుగింజలవలె పడినవి.

పెద్దసారు గొంతు సవరించుకొనెను. “ఆ లావుముక్క... ఏదీ, నాకూ తొడుగు.”

తొడిగిరి. కాల్చెను. చాలసేపు అట్టబొమ్మనే చూచెను.

“నా వేలు ఎప్పుడూ మీట దాటి అవతలికి పోయేదయ్యా. గుళ్లన్నీ పక్కకే కొట్టేవి. పెద్ద చెయ్యి కదా, అంతేలే అనుకున్నాను ఇన్నాళ్లూ.” పిమ్మట డిప్యూటీ వైపు తిరిగెను. “నీ చేయి ఏమంటోంది?”

“అంతే సార్.”

“నేనింకా ఏమీ అనలేదు! నీ చేయి సంగతి చెప్పు!”

అంతేసార్ తన చేతిని, అప్పుడే ఎవరో తెచ్చి అతికించినట్లు, అటునిటు త్రిప్పి చూచుకొనెను. చెమట తుడుచుకొని, జీవితమున మొట్టమొదటి సొంత అభిప్రాయమును ప్రకటించెను:

“మధ్యరకం సార్.”

నల్లది ఎంపికయ్యెను. కాలు మరల కుంటువడిన బల్లక్రిందికి, ఉక్కుదాని రంగురంగుల ప్రచారపత్రమును అంతేసార్ నాలుగు మడతలు పెట్టి స్వహస్తముల దోపెను. ముందుగా అందరి అనుమతియు అడిగెను.

సాయంకాలమున మేడము ఇల్లు చేరెను. వంటింట గరిటె పట్టిన పతిదేవుడు ఆశగా తొంగిచూచెను.

“ఫోన్ల గదేనా?”

“గస్తీయే.”

ఆయన తల వెనుకకు పోయెను. గరిటె చప్పుడు మరల మొదలయ్యెను. అత్తగారు కుర్చీ ముందుకు జరుపుకొనెను.

“ఇంతకీ ఏం సాధించావే?”

కోడలు చూపుడువ్రేలు ఎత్తి చూపెను. “ఇంత ముక్క, అత్తయ్యా.”

“ఇంతేనా?”

“ఇంతే.”

“చాల్లే,” అని అత్తగారు వంటింటి వైపు గొంతెత్తెను. “ఒరేయ్, కూరలో ఉప్పు చూశావా?”

జయము! జయము! చూపుడువ్రేలంత నల్లముక్కకు జయము! బల్లకాలి చెరనుండి అది విడివడెను. ఒక చేతికి తగిన పిడి దొరకెను. ఫోన్ల గదిలోని కుర్చీ విరిగిన చేతితోనే మరొకరి కొరకు వేచియున్నది. కూరలో మాత్రము ఉప్పు చాలలేదు.