సముద్రం వైపు గది

ఆ ఆదివారం ఇల్లాలి ప్లాను చాలా చిన్నది: సముద్రం వైపు గదిలో తలుపేసుకుని సాయంత్రం దాకా నిద్రపోవడం. అది ఆవిడ పడకగదే. ఊరికి పర్యాటకులు పోటెత్తాక, కిటికీలోంచి అలలు కనిపించిన పాపానికి ఆ గది అద్దెకు వెళ్లిపోయింది. నాలుగేళ్లుగా ఆవిడ పడక వంటింట్లో, గ్యాస్ బండ పక్కన. సీజన్ ముగిసి గది ఖాళీ కాగానే, "ఈ ఒక్కరోజు నీది" అని భర్త మాటిచ్చాడు.

ఆ ఉత్సాహంలోనే ఆయన కొంప ముంచాడు. ఆవిడ స్నానానికి వెళ్లగానే, పని తగ్గిద్దామని బట్టలుతికి, ఎర్ర తువ్వాలు బాల్కనీలో ఆరేశాడు. బోర్డు పెడితే పన్ను పడుతుందని ఆ వీధివాళ్లు చేసుకున్న ఏర్పాటు ఒకటుంది. బాల్కనీలో ఎర్ర తువ్వాలుంటే గది ఖాళీ అని అర్థం. దాన్ని వేయడం, తీయడం ఎప్పుడూ భార్య పనే కాబట్టి ఆయనకు ఆ సంగతే తట్టలేదు.

గేటు దగ్గర అత్తగారు తువ్వాలు చూసి, కోడలు మనసు మార్చుకుందనుకుంది. ముగ్గురు పిల్లలతో వచ్చిన దంపతులను తీసుకెళ్లి గదిలో దింపింది. ఇంతలో ఆటో నడిపే మరిది ఒక కొత్త జంటను తెచ్చాడు.

"గది ఇచ్చేశాను కదరా."

"తువ్వాలు ఇంకా వేలాడుతోందిగా అమ్మా. మాటిచ్చి తీసుకొచ్చాను, హాల్లో సర్దుదాం."

హాలు కూడా పోయింది. భర్త నాలిక్కరుచుకుని బాల్కనీలోకి పరిగెత్తాడు. తువ్వాలు తీసినవాడు తిన్నగా మడతపెట్టుకోక, గాలికి పట్టిన ఇసుక రాలడానికి రెండుసార్లు గట్టిగా దులిపాడు. వీధిలో వెళ్తున్న టూరిస్టు బస్సు డ్రైవరు తననే పిలుస్తున్నారనుకుని బండి ఆపాడు. బస్సెడు జనం దిగారు.

ఇల్లాలు తలారబెట్టుకుంటూ, దిండు చంకన పెట్టుకుని వచ్చేసరికి మంచం మీద పిల్లలు గంతులేస్తున్నారు. ఆవిడకు కోపం కన్నా ముందు ఏడుపొచ్చింది.

"అమ్మా, హాల్లోకి రెండు కాఫీలు," అన్నాడు కొత్త పెళ్లికొడుకు.

"సాయంత్రానికల్లా ఏదో ఒకటి చేస్తాను," అన్నాడు భర్త.

"చేసింది చాలు," అని ఆవిడ ఒక చీర సంచిలో కుక్కుకుని, దిండుతో సహా వెళ్లిపోయింది.

సాయంత్రానికి భర్త బస్సు జనానికి అన్నం వండి, మాడ్చి, వీధంతా గాలించాడు. చివరింటి ఆవిడ గుమ్మంలోనే అడ్డుపడింది.

"మెల్లగా మాట్లాడు తమ్ముడూ. పైన అతిథి పడుకున్నారు."

"ఆ అతిథి నా భార్య అక్కా."

"కావచ్చు. ఎవరొచ్చినా లేపొద్దని చెప్పి మరీ గది తీసుకుంది."

అలికిడికి పైన కిటికీ తెరుచుకుంది. మొహం నిండా నిద్ర.

"ఇంటికి రావూ? అందరూ ఆకలితో ఉన్నారు," అన్నాడు భర్త దీనంగా.

"రేపు పన్నెండింటికి ఖాళీ చేస్తాను. అప్పుడు చూద్దాం."

ఆ తర్వాత ఆవిడ కిటికీ రెక్క లాక్కుంటూ, ఇక్కడ సముద్రం చప్పుడు కాస్త ఎక్కువగా ఉందని చివరింటి ఆవిడకు ఫిర్యాదు చేసింది.