గది దాటని మాట

మాటకు ఆయుష్షు తక్కువగా ఉండాలి! ఫిన్లాండ్‌లోని తాంపెరెలో కూర్చుని ఆపరేటింగ్ సిస్టమ్‌కు నెట్‌వర్క్ కోడ్ రాసి రాసి, జుట్టు పలచబడ్డాక నేను తేల్చిన సత్యమిది.

కంప్యూటర్ ఒకేసారి పదిమందికి పంపే ప్యాకెట్‌ను మల్టీకాస్ట్ అంటాం. దానికి ఆయుష్షు పోసేది మేమే. గదుల నెట్‌వర్క్‌లను కలిపే రౌటర్‌ను దాటినప్పుడల్లా ఒకటి తరుగుతుంది. సున్నా అయితే అక్కడే సమాప్తి! ఇంత కావాలని అడగని ప్రోగ్రాములకు మా సిస్టమ్ ఇచ్చేది ఒక్కటంటే ఒక్కటి. గదిలో మాట గదిలోనే. ఎంత మర్యాద!

ఈ ఏర్పాటు మనుషులకూ ఉంటే? మా అత్తగారి సలహాలు వంటింట్లోనే ఆగిపోవూ? మా బావమరిది పట్టిన చేపల పొడవు సౌనా ఆవిరిస్నానాల గదిలోనే కరిగిపోదూ?

ఇంతటి భాగ్యాన్ని పాడుచేసిన ఘనుణ్ణీ నేనే. మామూలు ప్యాకెట్‌కు అరవై నాలుగు ఇస్తూ దీనికి వేరే లెక్కెందుకని, కోడ్ శుభ్రం చేస్తూ రెండింటికీ ఆ అరవై నాలుగే ఇచ్చేశాను. పరీక్షలన్నీ పాసయ్యాయి. అవవూ మరి? పరీక్ష యంత్రాలన్నీ నా గదిలోనే ఉన్నాయి!

ఆ మర్నాడే మా బాస్ ఉర్హో, ఈ కోడ్ బాధ్యత నాకో, పై అంతస్తులో పనిచేసే ఒయిలికో తేల్చాలి. అది పోతే నేనేం కావాలి? అందుకే పొద్దున్నే పరీక్ష కెమెరా ముందు కూర్చుని నా వాదన సాధన చేశాను. భవనంలో ప్రకటనలు చూపే తెరలన్నీ అందుకునే మల్టీకాస్ట్ గ్రూపుకే ఆ కెమెరా బొమ్మా, మాటా వెళతాయి. అయితేనేం, గది దాటదుగా!

"ఒయిలి మంచిదే ఉర్హో. కానీ ముట్టుకున్నదల్లా విరగ్గొడుతుంది. జాగ్రత్త తెలిసింది నాకొక్కడికే!"

తలుపు తెరుచుకుంది. దాల్చినచెక్క బన్ను నములుతూ ఒయిలి.

"ఏం కాలెర్వో, క్యాంటీన్ గోడంతా నీ మొహమే. ఆ జాగ్రత్త ముక్క ఇంకోసారి చెప్పవూ? కాఫీ మిషను చప్పుడులో మావాళ్లకు సరిగా వినపడలేదట."

"రౌటర్ ఎలా దాటింది?" క్షమాపణ కంటే ముందు నా నోట అదే వచ్చింది.

"నువ్వేగా శుభ్రం చేశావు!"

కోడ్ ఒయిలి చేతికి పోయింది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంతకీ నా ఏడుపు అది కాదండీ. రౌటర్ అవతల కూడా ఒక పరీక్ష యంత్రం పెట్టండని ఏళ్ల తరబడి ప్రతి సమావేశంలోనూ మొత్తుకున్నాను. ఒక్కరైనా తలెత్తి చూశారా? ఒయిలి బాధ్యత తీసుకున్న వారానికే అది పెట్టించింది.

"ఇంత చిన్న ఆలోచన ఇన్నాళ్లూ ఒక్కడికీ రాలేదేమయ్యా?" అన్నాడు ఉర్హో, అందరి ముందూ.

అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను. గట్టిగానే.