సున్నా దొంగతనాల స్టేషను

“ఇకపై ప్రజలే పోలీసులు!” అని ఇన్‌స్పెక్టర్ గారు మైకులో ప్రకటించగానే టైలరమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఆమె కుట్టు మిషను ఎవరో ఎత్తుకుపోయి నాలుగు రోజులైంది. మొగుడు పోయాక ఇల్లు నడిపింది ఆ మిషనే. స్టేషను చుట్టూ తిరిగి చెప్పులరిగాయి గానీ, కంప్లయింటు రాసుకునే నాథుడు లేడు.

“స్టాఫ్ లేరమ్మా,” అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు. “వాలంటీరుగా చేరండి. నెల పనిచేస్తే మీ దొంగతనం నేనే స్వయంగా రాస్తాను.”

ఇలా మాటిచ్చే అధికారులు ఈ రోజుల్లో ఎక్కడున్నారు! టైలరమ్మ వాలంటీర్ల పసుపు జాకెట్ తొడుక్కుని రిసెప్షన్‌లో కూర్చుంది.

పని సులువే. వచ్చినవాళ్ల చేత “దొంగిలించారు” అని కాక “పోగొట్టుకున్నాను” అని రాయించాలి. దొంగతనమైతే వెతకాలి, పై ఆఫీసుకు జవాబు చెప్పాలి. పోగొట్టుకుంటే ఆ ఖర్మ వాళ్లదే.

“తాళం వేసిన సైకిలమ్మా! తాళంతో సహా పట్టుకుపోయాడు,” అని మొత్తుకున్నాడు పాలవాడు.

“నువ్వు చూశావా నాయనా?”

“చూస్తే వదుల్తానా?”

“చూడలేదుగా. అయితే సైకిలొకటి, తాళమొకటి. రెండు వస్తువులు పోగొట్టుకున్నావు. ఇక్కడ సంతకం పెట్టు.”

అయ్యో పాపం అనిపించేది. తన మిషను తలుచుకుని గుండె రాయి చేసుకునేది.

నెల తిరిగేసరికి దొంగతనాలు సున్నా. మంత్రిగారే విచ్చేసి, “దొంగ అనే మాటే మరిచిపోయిన స్టేషను!” అని కొనియాడి, టైలరమ్మకు సర్టిఫికెట్ ఇచ్చి, స్టేజీ దిగి జేబు తడుముకున్నారు. ఫోను లేదు.

“దొంగ...” అనబోయారు. ఎదురుగా ‘సున్నా దొంగతనాలు’ బ్యానరు కనిపించింది.

“పోగొట్టుకున్నాను,” అన్నారు హుందాగా.

పోగొట్టుకున్న వస్తువును కూడా వెతకవచ్చునని ఆ క్షణాన అందరికీ తెలిసొచ్చింది. నలభై మంది పోలీసులూ ఒక కుక్కా బయల్దేరారు. వెనకే టైలరమ్మ. గంటలో కుక్క వాళ్లను ఒక పాత సామాన్ల కొట్టుకు చేర్చింది. ఫోను దొరికింది. దాని పక్కనే మిషను.

“సార్, నాదే! నెలైపోయింది, దొంగతనం రాయండి!”

“దొరికేసింది కదమ్మా, ఇంకా దొంగతనమేమిటి? పైగా ఈ కొట్టాయన మన సీనియర్ వాలంటీరు,” అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు.

“పోనీ, పోగొట్టుకున్నాననే రాసుకోండి.”

“కాగితమేదీ? కాగితం లేదంటే పోలేదన్నమాట. అసలు పోనే పోని మిషను దొరకడమేమిటి?”

టైలరమ్మ పసుపు జాకెట్ సర్దుకుంది. “ఎవరిదో తెలియని వస్తువును స్టేషనుకు చేర్చడం వాలంటీరు డ్యూటీయే కదా సార్?”

ఇన్‌స్పెక్టర్ గారు ఎంత ఆలోచించినా కాదనడానికి రూలు దొరకలేదు. మిషను జీపెక్కింది.

ఇప్పుడు స్టేషను వరండాలో టైలరమ్మ పొద్దస్తమానం ఆ మిషను మీదే కొత్త వాలంటీర్లకు జాకెట్లు కుడుతోంది. చేరేవాళ్లు బాగా పెరిగారు. మిషనుకు ఒక అట్ట వేలాడుతుంటుంది: “యజమాని తెలియని వస్తువు. తమదని భావించువారు తగిన రుజువులతో రిసెప్షన్‌లో సంప్రదించవలెను.”

రిసెప్షన్‌లో ఈమధ్య కొట్టాయన కూర్చుంటున్నారు.