గుల్‌నార్‌కు జ్వరం వచ్చిన శుభవేళ

గుర్రానికి టీకా వికటించడం కన్నా ఒక సంసారానికి జరగగల మేలు మరొకటి లేదు!

నవ్వకండి. పిల్లలకు బాధ్యత తెలియాలని క్యాంపులకు పంపుతారు. మొగుడి మనసు కరగాలని నోములు పడతారు. అందరూ కలిసిమెలిసి ఉండాలని రిసార్టులకు పరుగెత్తుతారు. ఎందుకండీ ఈ తిప్పలు? ఒక గుర్రాన్ని కొనండి. గుర్రాలకు ఏటా వేయించే ధనుర్వాతం టీకానే దానికీ వేయించండి. మీ అదృష్టం బాగుండి దాని మెడ వాచిందా, ఇక మీ ఇల్లు బాగుపడ్డట్టే!

నమ్మకం కుదరకపోతే కిషన్‌బాగ్ వెళ్లి గుండయ్య ఇల్లు ఎక్కడని అడగండి. పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని తిప్పే మనిషి. ఆయన తెల్లగుర్రం పేరు గుల్‌నార్. భార్య పేరు మాణిక్యమ్మ. ఇద్దరినీ ఈ వరుసలోనే ఎందుకు చెప్పానంటే, ఆ ఇంట్లో మర్యాదల వరుస కూడా అదే.

మొన్న ఇద్దరికీ ఒకే రోజు సూది పడింది. గుల్‌నార్‌కు పశువుల డాక్టరమ్మ రశ్మి ఇంటికొచ్చి వేసింది. మాణిక్యమ్మకు తాను ఆయాగా పనిచేసే నర్సింగ్ హోంలో స్టాఫందరితో పాటు ఫ్లూ టీకా వేశారు. తెల్లారేసరికి గుర్రానికి మెడ వాచింది, మాణిక్యమ్మకు చెయ్యి వాచింది. ఇద్దరికీ ఒళ్లు కాలిపోతోంది. ఇద్దరికీ తిండి సహించడం లేదు. డ్యూటీకి ఎలాగూ సెలవు చెప్పేసింది కాబట్టి, మాణిక్యమ్మ ఆ పూట కోరుకున్నది ఒక్కటే. కాసేపు నడుం వాల్చాలి.

"ఏమయ్యా, పాణం మంచిగ లేదు. జర పండుకుంట," అంది మొగుడితో.

"సూది ఏసినంక గట్లనే ఉంటది తియ్. గదేమన్న రోగమా?" అన్నాడు గుండయ్య. అంటూనే కొట్టంలోకి వెళ్లాడు. గుల్‌నార్ గడ్డి ముట్టలేదు. మెడ మీద చెయ్యి వేసి చూసి, గుండెలు బాదుకుంటూ బయటికొచ్చాడు. "అయ్యో, నా తల్లికి ఒళ్లు పెనం లెక్క కాలుతున్నది! డాక్టరమ్మకు ఫోన్ కొట్టుండ్రి!"

చూశారా టీకా మహిమ! సూది జ్వరం రోగం కాదనీ, రోగమేననీ, రెండు సత్యాలూ ఒకే మనిషికి ఒకే నిమిషంలో బోధపడ్డాయి. ఏ యూనివర్సిటీలో ఇంత వేగంగా నేర్పుతారు?

ఇక ఆ ఇంట్లో ప్రేమ కట్టలు తెంచుకుంది. కొడుకు జగదీశ్వర్ తాగిన గ్లాసు సింకులో పెట్టడం కూడా తన స్థాయికి తక్కువనుకునే కుర్రాడు. అలాంటివాడు బకెట్లతో నీళ్లు మోశాడు! పడకగదిలోని టేబుల్ ఫ్యాన్ తీసుకెళ్లి కొట్టంలో పెట్టాడు. గుల్‌నార్ మెడ వంచలేకపోతోందని గమనించి, ఎత్తుగా ఉంటుందని స్టూలు పట్టుకెళ్లి దాని మీద నీళ్ల బకెట్ పెట్టాడు. అది మాణిక్యమ్మ కూర్చుని కూరగాయలు తరిగే స్టూలు. ఆవిడ ఆ పూట నిలబడే తరిగింది.

కూతురు రూప ఫ్రిజ్‌లోని ఐసంతా గుడ్డలో చుట్టి గుర్రం మెడకు అద్దింది. మధ్యలో వంటింటి గుమ్మందాకా వచ్చి, "మమ్మీ, గిన్నెల చప్పుడు జర తక్కువ చెయ్. గుల్‌నార్ డిస్టర్బ్ అయితున్నది," అని మందలించి వెళ్లింది. పక్క ప్రాణి కష్టం ఇంతగా పట్టించుకునే పిల్లను కన్నందుకు మాణిక్యమ్మ ఎంత పొంగిపోవాలి చెప్పండి!

గుండయ్యయితే త్యాగమే చేశాడు. ఆ సాయంత్రం బేగంబజార్ పాత్రల వ్యాపారి రామ్‌చందర్ సేట్ కొడుకు ఊరేగింపుకి గుల్‌నార్ వెళ్లాలి. రాదని ఫోన్ చేస్తే సేట్ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"ఇయ్యాల పెండ్లి పెట్టుకొని గిట్లంటే ఎట్ల భాయ్? ఏదన్న గోలీ ఏసి తోల్కరా!"

"జ్వరమొచ్చినదానితోని పని చేయిస్తమా సేట్? మనం మనుషులం కామా?" అన్నాడు గుండయ్య. కళ్లు తుడుచుకుని, ఫోన్ జేబులో పెట్టుకుని, వంటింటి వైపు తిరిగి కేకేశాడు. "ఏమే, ఇంక చాయ్ కాలేదా?"

చాయ్ ఎవరికంటారా? పరామర్శకు వచ్చినవాళ్లకు! ఊరేగింపుల్లో బ్యాండు వాయించే సామ్యూల్ కొబ్బరిబోండం తెచ్చాడు. గుల్‌నార్ వాసన చూసి వదిలేస్తే, పారబోయడమెందుకని గుండయ్య తాగాడు. పక్కింటి రాధాబాయి ఉప్పూ మిరపకాయలతో వచ్చి గుర్రానికి దిష్టి తీసింది. మాణిక్యమ్మ దగ్గర చాయ్ కప్పు అందుకుంటూ ఉలిక్కిపడింది.

"చెయ్యి గింత వేడిగున్నదేంది మాణిక్యమ్మా?" అని అడిగింది. మళ్లీ తనే, "పొయ్యి కాడ ఉంటివి గద," అని జవాబు చెప్పుకుని చాయ్ తాగింది. జవాబు చెప్పే శ్రమ కూడా లేకుండా చేసింది, ఇరుగుపొరుగంటే అలా ఉండాలి!

మధ్యాహ్నానికి డాక్టరమ్మ వచ్చింది. వాపు నొక్కి చూసింది, థర్మామీటర్ పెట్టింది.

"భయమేం లేదు. కొన్నిటికి ఇట్లా అవుతుంది, దానంతటదే తగ్గిపోతుంది. ఇది చూసి మళ్లీ టీకా మానేసేరు! రెండు రోజులు పని మాత్రం చెప్పొద్దు. పడుకుంటే పడుకోనివ్వండి. నీళ్లు అందేటట్టు పెట్టండి. చుట్టూ చేరి అరవకండి."

ఇంటిల్లిపాదీ భక్తిగా తలలూపారు. వాకిట్లో ఖాళీ కప్పులు ఏరుతున్న మాణిక్యమ్మ కూడా మొత్తం విన్నది. కప్పులు అక్కడే అరుగు మీద పెట్టేసింది.

కాసేపటికి గుండయ్యకు ఆకలేసింది. కేకేశాడు. పలుకు లేదు. ఇంకా గట్టిగా కేకేశాడు. వంటింట్లో తరిగిన బెండకాయలు తరిగినట్టే ఉన్నాయి, అన్నానికి ఎసరు పెట్టిన జాడ లేదు. ముగ్గురూ ఇల్లంతా వెతికి చివరికి కొట్టంలో చూశారు. గుల్‌నార్ పక్కన, ఫ్యాన్ గాలి తగిలేచోట గోనెపట్టా పరుచుకుని మాణిక్యమ్మ పడుకుని ఉంది. గుర్రం మెడకు అద్దిన ఐసుగుడ్డ ఇప్పుడు ఆవిడ చేతి వాపు మీద ఉంది.

"ఏందే! అన్నం వండకుండ ఈడొచ్చి పండుకున్నవ్?"

మాణిక్యమ్మ కళ్లు తెరవలేదు.

"లొల్లి చెయ్యకయ్యా. ఈ కొట్టంల పండుకున్నోళ్లకు పని చెప్పొద్దన్నది డాక్టరమ్మ."

గుండయ్య నోరు తెరిచాడు. అరవొద్దన్న మాట కూడా గుర్తొచ్చినట్టుంది, మూసుకున్నాడు. జగదీశ్వర్ లోపలికి వెళ్లి ఒక గ్లాసుతో నీళ్లు తెచ్చి తల్లి తలదగ్గర పెట్టాడు. గుండయ్య వంటింట్లోకి నడిచాడు. బియ్యం డబ్బా ఎక్కడుంటుందో ఆయనకు తెలియదు. అడుగుదామని రెండుసార్లు కొట్టం గుమ్మందాకా వచ్చాడు. అడగడం కూడా పని చెప్పడం కిందికే వస్తుందేమోనని రెండుసార్లూ వెనక్కి వెళ్లిపోయాడు.

కాబట్టి అయ్యలారా, టీకాలను ఒక్క మాట అనకండి. గుండయ్య ఇంటి గురించి నాకిక ఫికర్ లేదు. నా బెంగంతా గుర్రం లేని ఇళ్ల గురించే. ఆ ఇళ్లల్లో ఆడవాళ్లకు జ్వరమొస్తే ఎక్కడ పడుకుంటున్నారో!