మూత తెరవని ముగ్గురు

ఆ రోజు పొద్దున డాక్టరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేయాలి, నల్ల పెట్టె తీసుకుని ఆఫీసుకు వెళ్ళాలి, కమిటీ ముందు దాన్ని తెరవాలి. అంతే. ఆమె మందులిచ్చే డాక్టరు కాదు, ప్లాస్టిక్కుల మీద పరిశోధన చేసి ఆ బిరుదు తెచ్చుకుంది. అయినా ఎవరికి జలుబు చేసినా అత్తగారు, "ఇంత చదివావు, ఒక మాత్ర పేరు చెప్పలేవా?" అని దెప్పుతూనే ఉంటుంది.

పెట్టెలో ఉన్నది వేలెడంత ప్లాస్టిక్ పట్టీ. దానికి మోటారు లేదు, తీగ లేదు, బ్యాటరీ లేదు. ఊదారంగు వెలుతురులో ఎలా వంచి పట్టుకుంటే ఆ ఆకారం నేర్చుకుంటుంది. తర్వాత చదును చేసి పడుకోబెట్టినా సరే, ఆకుపచ్చ వెలుతురు పడగానే నేర్చుకున్న వంపు తనంతట తానే తిరుగుతుంది. నిన్న సాయంత్రం ఆమె దానికి కొక్కెంలా వంగడం నేర్పింది. ఈ రోజు కమిటీ ముందు అది కొక్కెమై ఒక చిన్న గాజు గొట్టాన్ని పైకెత్తాలి. ఎత్తకపోతే ఇన్నేళ్ళ పని గంగలో కలిసినట్టే. ఆమె గదిని విరిగిన కుర్చీల స్టోరు చేస్తామని ఆఫీసువాళ్ళు చెప్పేశారు. కుర్చీలు అప్పుడే వరండాలోకి వచ్చి కూర్చున్నాయి కూడా.

ఇన్ని ఆలోచించిన మనిషి ఒక్క తెలివితక్కువ పని చేసింది. పెట్టె మీద "దయచేసి తెరవకండి" అని చీటీ అంటించింది. ఊరికే వదిలేస్తే ఆ పెట్టె మొహం ఎవరు చూసేవారు?

స్నానం చేసి వచ్చేసరికి భోజనాల బల్ల మీద పెట్టె లేదు. వంటింట్లో, పురుగుల్ని చంపే ఊదారంగు దీపం కింద ఉంది.

"అత్తయ్యా! ఇది ఇక్కడికెలా వచ్చింది?"

"బల్ల తుడుస్తూ పక్కన పెట్టానమ్మాయ్. నీ పెట్టెతో నాకేం పని?" అంటూ అత్తగారు ఛార్జరు తీగను చూపుడువేలికి చుట్టుకుంటోంది. దారం దొరికినా, రబ్బరు బ్యాండు దొరికినా వేలికి చుట్టుకోవడం ఆవిడకు అలవాటు.

మూత కాస్త ఓరగా ఉంది. తెరిచి చూద్దామా అంటే, వెలుతురు తగిలితే పట్టీ ఏం చేస్తుందో చెప్పలేం. చూడకపోతే లోపలేం జరిగిందో తెలియదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. డాక్టరమ్మ పళ్ళు నూరుకుంటూ మూత గట్టిగా నొక్కి, పెట్టెను గుమ్మం పక్కన చెప్పుల స్టాండు మీద పెట్టి, తల దువ్వుకోవడానికి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి అది హాల్లో చేపల తొట్టి పక్కన ఉంది. ఆ తొట్టికి ఊదారంగు దీపమైతే చేపలు మెరుస్తాయని ముచ్చటపడి కొన్నది భర్తే.

"ఏవండీ! దీన్నెందుకు కదిపారు?"

"మర్చిపోతావేమోనని కళ్ళెదురుగా పెట్టా. మెచ్చుకోవాల్సింది పోయి అరుస్తావేంటి?"

"తెరిచారా?"

"చీటీ ఉందిగా! నాకు చదవడం రాదా?" అని ఆయన మళ్ళీ ఫోన్లో ఎవరితోనో మాటల్లో పడ్డాడు. ఖాళీగా ఉన్న చెయ్యి మాత్రం కరెంటు బిల్లును విసనకర్రలా మడతలు పెడుతోంది. ఫోను పట్టుకుంటే చేతికందిన కాగితమల్లా అలా మడత పడాల్సిందే. చివరికి వాళ్ళ పెళ్ళి సర్టిఫికెట్టుకు కూడా ఆ గతే పట్టింది.

ఇక ఎవరికీ వదలకూడదని పెట్టెను గుండెలకు హత్తుకుని ఆఫీసు గేటు దాకా వచ్చింది. అక్కడ సెక్యూరిటీ ఆయన పెన్ను మూతతో చెవి గోక్కుంటూ అడ్డం నిలబడ్డాడు.

"పెట్టె చెక్ చెయ్యాలి మేడమ్."

"తెరవకూడదయ్యా బాబూ. చీటీ చూడు!"

"చీటీ ఉంది కాబట్టే అనుమానం మేడమ్."

ఆమె తల పట్టుకుంది. పెద్ద ఆఫీసరుతో చెప్పిస్తానని లోపలికి పరుగెత్తింది. పెట్టె మాత్రం కౌంటర్లో, గుర్తింపు కార్డులు అసలువో దొంగవో చూసే ఊదారంగు దీపం దగ్గర ఉండిపోయింది. ఆమె అనుమతితో తిరిగొచ్చేసరికి ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని బుద్ధిమంతుడిలా నిలబడి ఉన్నాడు.

"వద్దులెండి మేడమ్, మీ మీద నమ్మకముంది" అని పెట్టె చేతికిచ్చాడు. ఆ నమ్మకం మీద ఆమెకు మాత్రం నమ్మకం కుదరలేదు.

కమిటీ పెద్దాయన అప్పటికే సగం నిద్రలో ఉన్నాడు. గది చీకటి చేసి, డాక్టరమ్మ పట్టీని తడుముకుంటూ బయటికి తీసి స్టాండుకు బిగించింది. తిన్నగానే ఉంది. హమ్మయ్య అనుకుని ఆకుపచ్చ దీపం వేసింది.

పట్టీ వణికింది. కొక్కెం కాలేదు. కొస మాత్రం బుల్లి గరిటెలా వంగింది. అది ఏ చెవి కొలతో ఆమెకు వెంటనే తెలిసిపోయింది. నమ్మకమట, నమ్మకం! ఆ వంపు పోయి పట్టీ విసనకర్రలా మడతలు పడింది. "ఓరి నా మొగుడా!" అనుకుంది, అక్షరాలా. మడతలు విప్పుకుని గుండ్రంగా ఉంగరంలా చుట్టుకుంది. సరిగ్గా అత్తగారి చూపుడువేలి కొలత. ముగ్గురూ తెరిచారు, ఆడుకున్నారు, ఏమీ ఎరగనట్టు చదును చేసి మూత పెట్టేశారు! డాక్టరమ్మ మనసులోనే గది ఖాళీ చేసి కుర్చీలకు దారి వదిలింది.

అప్పుడు ఉంగరం మెల్లగా విచ్చుకుని, కొక్కెమై, గాజు గొట్టాన్ని ఎత్తి పట్టుకుంది.

పెద్దాయన నిద్ర ఎగిరిపోయింది. "ఏమ్మా, రిపోర్టులో ఒక్క వంపే అన్నారు. నాలుగు చూపించారే! ఒకదాని మీద ఒకటి నేర్పి, చివరి నుంచి మొదటికి వరసగా చేయించడమంటే మాటలా? ఎలా సాధించారు?"

"అంతా... ఇంట్లోవాళ్ళ సహకారం సార్. సెక్యూరిటీ ఆయన కూడా..."

"ఎంత వినయం!" అని ఆయన చప్పట్లు కొట్టాడు. "గది మీకే. కానీ వచ్చే నెల కొత్త పట్టీతో ఇదే, ఇలాగే, మళ్ళీ చేసి చూపించాలి. అందాకా కుర్చీలు వరండాలోనే ఉంటాయి."

మళ్ళీ చేయాలంటే ఎవరు ఎంతసేపు, ఎలా పట్టుకున్నారో తెలియాలి. డాక్టరమ్మ గేటు దగ్గరికి పరుగెత్తింది.

"ముట్టుకోవడమా? రూల్సు ఒప్పుకోవు మేడమ్" అన్నాడు సెక్యూరిటీ ఆయన, చెవి గోక్కుంటూ.

ఇంటికొచ్చి, ఖాళీ పెట్టెను బల్ల మీద పెట్టి రెండు చేతులూ జోడించింది. "నేను తిట్టను. ఒక్క మాట అనను. ఎంతసేపు పట్టుకున్నారో చెప్పండి చాలు, మీకు పుణ్యముంటుంది!"

"ఒట్టు! దాని మూత ఏ రంగో కూడా నాకు తెలీదమ్మాయ్" అంది అత్తగారు, దారం వేలికి చుట్టుకుంటూ.

"నేనసలు అటువైపు చూస్తేగా!" అన్నాడు భర్త. ఆయన చేతిలో ఈసారి మడత పడుతున్నది "దయచేసి తెరవకండి" అన్న చీటీ.

ఆ పొద్దున జరిగింది జరిగినట్టు గుర్తుపెట్టుకున్నది ఆ పట్టీ ఒక్కటే, దానికేమో నోరు లేదు.