ఫ్లాపీకి పెట్టిన బొట్టు

అబద్ధానికి మరక లేకుండా చేసిన మహానుభావుడెవరో గానీ, అతనికి నరసరావుపేట సెంటర్లో విగ్రహం పెట్టాలి. చందాకు మొదటి చెయ్యి నాదే!

నవ్వకండి. కాగితం ఎంత మొరటుదో ఎప్పుడైనా ఆలోచించారా? ఒకసారి రాస్తే అక్కడే తిష్ట వేస్తుంది. కొట్టేస్తే కొట్టేసినట్టు కనపడుతుంది. బ్లేడుతో గీకితే చిల్లు పడుతుంది. పెద్దమనుషులు పరువుగా బతకడానికి పనికొచ్చే వస్తువేనా అది?

మండలాలు వచ్చి మూడేళ్లయింది, రొంపిచెర్ల పక్కన మా ఊరికి కంప్యూటర్ కూడా వచ్చింది. మా ఊళ్లో సుక్షేత్ర ఎత్తిపోతల సంఘమని ఒకటుంది. కాలవ నీళ్లను మోటారుతో మెరక పొలాలకు ఎక్కించడం దాని పని. నిజానికి కొనాల్సింది కొత్త మోటారు. కొన్నది కంప్యూటర్. సంఘం అధ్యక్షులు నరసింహారావు గారు అంత ముందుచూపున్న మనిషి.

దాంతోపాటు ఫ్లాపీ అనే నల్లటి చదరపు డిస్కు వచ్చింది. చూడబోతే అప్పడం కన్నా కాస్త మందం. మోటారు సంగతి, ఎవరి చేనుకు ఎప్పుడు తడి పెట్టారన్న సంగతి, అంతా దాని కడుపులోనే. సంగతి మారితే పాతది చెరిపి అదే చోట కొత్తది రాసుకోవచ్చు. ఎన్నిసార్లు చెరిపినా గీత పడదు, చిల్లు పడదు.

వినాయక చవితి వెళ్లగానే మోటారు కాలిపోయింది. పాత రోజులైతే రిజిస్టర్లో ఆ ముక్క రాసుకుని, దాన్ని ఎలా కప్పిపెట్టాలా అని పాపం అధ్యక్షులు సతమతమయ్యేవారు. ఇప్పుడా బెంగ లేదు. కొత్త మోటారు మంజూరు కోసం ఆఫీసర్లు వచ్చి చూసే రోజున డిస్కులో ‘కాలిపోయింది’ అని ఉంటుంది. వాళ్ల జీపు ఊరు దాటగానే, సభ్యుల మనశ్శాంతి కోసం, ‘తిరుగుతోంది’ అని ఉంటుంది. ఎవరికి కావలసింది వారికి చూపించడం కన్నా ప్రజాసేవ ఇంకేముంది?

మెరక మీద ఎకరన్నర మిరప వేసిన సాంబయ్యకు మాత్రం ఈ నాగరికత వంటబట్టలేదు. నాలుగు రోజులకోసారి సంఘం ఆఫీసుకొచ్చి, కంప్యూటర్ దగ్గర కూచునే కుసుమను నిలదీసేవాడు.

“నా చేనుకు నీళ్లు రాలా అమ్మా.”

“వచ్చినయ్ బాబాయ్. సోమారం తడి పెట్టినట్టుంది, చూడు.”

“ఈడ తడిస్తే నాకేంది? ఆడ తడవాల గదా.”

తెర మీద తళతళా మెరుస్తున్న తడిని వదిలేసి, తన కాళ్లకంటిన దుమ్మును నమ్ముకునే మనిషికి ఎవరు మాత్రం ఏం చెబుతారు?

ఇలా హాయిగా సాగిపోతుంటే దసరా వచ్చింది. ట్రాక్టర్‌కు పూజ చేసి కంప్యూటర్‌కు చేయకపోతే ఎలా? కుంకుమ పొడి లోపలికి పోతే పాడవుతుందని కంపెనీ మనిషి ముందే హెచ్చరించాడు. అందుకని కుసుమ ఓ పెద్ద స్టిక్కర్ బొట్టు తీసి ఫ్లాపీ అంచున అంటించి, మిగతా సగం వెనక్కి మడిచింది. అందరం దణ్ణం పెట్టుకున్నాం.

అంతకు ముందురోజే ఆఫీసర్లు వచ్చి వెళ్లారు. పండగ హడావుడిలో మార్చడం మరిచారు కాబట్టి డిస్కులో మోటారు ఇంకా కాలిపోయే ఉంది. పూజ కాగానే సభ్యుల మీటింగు. వాళ్లు వచ్చేలోగా మోటారును తిప్పమన్నారు అధ్యక్షులు. కుసుమ మీటలు కొట్టింది. కంప్యూటర్ ససేమిరా అంది. ఈ డిస్కు మీద రాయడం కుదరదని తెర మీద ఇంగ్లీషులో పడింది. అధ్యక్షులు ఫ్లాపీని తట్టారు, ఊదారు, ఫ్యాను గాలికి పట్టారు. ఈలోగా సభ్యులు రానే వచ్చారు.

సాంబయ్య చదవమన్నాడు. కుసుమ ఉన్నదున్నట్టు చదివింది, చవితి వెళ్లిన దగ్గర్నుంచీ మోటారు కాలిపోయి ఉందని.

“అయితే సోమారం నా చేనుకు తడి పెట్టింది ఎవురయ్యా?” అన్నాడు సాంబయ్య.

ఎల్లుండికల్లా అద్దె మోటారు తెప్పిస్తానని అధ్యక్షులు అందరి ముందూ మాటిచ్చారు.

ఎల్లుండి వచ్చింది మోటారు కాదు, కంపెనీ మనిషి. ఫ్లాపీని అటూ ఇటూ తిప్పి, దాని అంచున ఉన్న చిన్న గాటు చూపించాడు. ఆ గాటు మూసుకుపోతే డిస్కు మీద కొత్తగా ఏదీ రాయలేమట. బొట్టు సరిగ్గా దాని మీదే పడింది. గోటితో గీకి పారేశాడు. ఆ సాయంత్రానికే మోటారు మళ్లీ తిరగసాగింది, డిస్కులో.

నిన్న సాంబయ్య మళ్లీ వచ్చాడు. వేళ్లతో సహా పీకిన మిరప మొక్కను కీబోర్డు పక్కన పెట్టాడు. ఆకులు ముట్టుకుంటే పొడి అవుతున్నాయి.

“దీన్ని గూడా చెరిపి మళ్లీ రాయమ్మా,” అన్నాడు.

కుసుమ మీటల మీది నుంచి చేతులు తీసేసింది. ఇంతసేపూ మీకు ఉపన్యాసం దంచిన నేను కూడా అక్కడే ఉన్నాను. ఏ మీట నొక్కాలో నాకూ తెలియలేదు. ఆ మొక్క వంక చూడలేక బయటికొచ్చేశాను.

అయినా నా మాట మీద నేను నిలబడతాను. విగ్రహం పెట్టాల్సిందే. కాకపోతే నరసరావుపేట సెంటర్లో వద్దు, అక్కడ రద్దీ ఎక్కువ. మెరక మీద సాంబయ్య చేలో పెట్టండి. ఎకరన్నర ఖాళీ అయింది.